హాలేజీ డ్రమ్ముకు రోపు చుట్టడం నుంచి మెయిన్-టెయిల్ పద్ధతిలో టబ్బులు నడపడం దాకా: సమగ్ర మార్గదర్శి

హాలేజీ అంటే గనిలో టబ్బులను, అంటే పట్టాల మీద నడిచే చిన్న బండ్లను, ఇనుప రోపుతో లాగే ఇంజను. కొత్తగా చేరిన ఫిట్టర్లు, హెల్పర్లు, మైనింగ్ డిప్లొమా చదివే పిల్లలు దాని గురించి పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. డ్రమ్ముకు రోపు సరిగ్గా ఎలా చుట్టాలి? ఒకే ఇంజను టబ్బులను లోపలికీ బయటికీ ఎలా నడుపుతుంది? సింగరేణి భూగర్భ గనుల్లో మెటీరియల్ టబ్బుల దగ్గర పనిచేసేవాళ్లకు ఈ రెండూ రోజూ కావాల్సినవే. అందుకే ఇక్కడ పని జరిగే వరసలోనే రాస్తున్నాను.

మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట పట్టుకోండి: రోపును ఎక్కడా వదులు కానివ్వొద్దు. అధిక బరువుతో పాడయ్యే రోపుల కన్నా వదులై, ముడిపడి, పొరల కింద నలిగి పాడయ్యే రోపులే ఎక్కువని నా నమ్మకం. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆ వదులును ఆపడానికే.

గనిలో రోపు మార్చడం, కొత్త హాలేజీ బిగించడం ఇంజనీరు అనుమతితో జరిగే పని. ఈ మార్గదర్శి ఆ అనుమతికి బదులు కాదు, పని అర్థం కావడానికి మాత్రమే.

## 1. ముందు దారి చూడండి, తర్వాత పద్ధతి ఎంచుకోండి

డ్రమ్ము లాగగలదు, నెట్టలేదు. లోడు వెనక్కి వెళ్లాలంటే దాన్ని వాలైనా లాగాలి, ఇంకో రోపైనా లాగాలి.

డైరెక్ట్ హాలేజీ: ఒకే డ్రమ్ము, ఒకే రోపు. నిండు టబ్బులను ఇంజను పైకి లాగుతుంది. ఖాళీ టబ్బులు తమ బరువుతో కిందికి దిగుతూ రోపును వెంట లాక్కుపోతాయి. దారంతా ఒకే వైపు, సరిపడా వాలి ఉంటేనే ఇది కుదురుతుంది. మధ్యలో ఒక్క చోట చదును వచ్చినా టబ్బులు అక్కడ ఆగిపోతాయి. డ్రమ్ము మాత్రం తిరుగుతూనే రోపు వదులుతుంది.

మెయిన్-టెయిల్ హాలేజీ: దారిలో ఎత్తుపల్లాలు ఉంటే ఇదే సరైనది. ఒకే ఇంజనుకు రెండు డ్రమ్ములు, ఒక్కోదానికి విడి క్లచ్, విడి బ్రేకు. మెయిన్ రోపు సెట్టు (ఒకదానికొకటి తగిలించిన టబ్బుల వరస) ముందు వైపు, అంటే ఇంజను వైపు తగిలి ఉంటుంది. టెయిల్ రోపు దారి పొడవునా లోపలికి వెళ్లి, చివరి పుల్లీ చుట్టూ తిరిగి వచ్చి సెట్టు వెనక తగులుతుంది. మెయిన్ డ్రమ్ము చుట్టుకుంటే సెట్టు బయటికి వస్తుంది, టెయిల్ డ్రమ్ము చుట్టుకుంటే లోపలికి పోతుంది.

ఒకే వైపు ఆగకుండా తిరిగే ఎండ్‌లెస్ హాలేజీ వేరే కథ. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

## 2. కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. దారి 400 మీటర్లు. బరువుతో కలిపి ఒక్కోటి 1.5 టన్నులుండే టబ్బులు 10. అన్నిటికన్నా నిటారైన చోట వాలు 6కి 1, అంటే ఆరు మీటర్లకు ఒక మీటరు ఎత్తు. మెయిన్ రోపు 20 మి.మీ., టెయిల్ రోపు 16 మి.మీ. రెండు డ్రమ్ములూ ఒకే కొలత: బ్యారెల్ (రోపు చుట్టుకునే గుండ్రని భాగం) వ్యాసం 900 మి.మీ., ఫ్లాంజ్‌ల (డ్రమ్ము రెండు పక్కలా ఉండే పలకల) మధ్య వెడల్పు 800 మి.మీ., ఫ్లాంజ్ వ్యాసం 1,200 మి.మీ.

రోపు ఎంత పొడవు? మెయిన్ రోపు దారి పొడవంత, 400 మీటర్లు. సెట్టు ఇంజను దగ్గర ఉన్నప్పుడు టెయిల్ రోపు లోపలికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి కాబట్టి దానికి రెట్టింపు, 800 మీటర్లు. రెండిటికీ డ్రమ్ము మీద ఎప్పుడూ మిగలాల్సిన చుట్లు, కాపెల్ (రోపు కొసను టబ్బుకు తగిలించే ఇనుప బిగింపు) కోసం కోసుకునే అదనం కలుపుకోవాలి. టెయిల్ రోపు కూడా 400 చాలనుకుని ఆర్డరు పెట్టేవాళ్లున్నారు, జాగ్రత్త.

డ్రమ్ము మీద పడుతుందా? సూత్రం చిన్నదే: పొడవు = 3.14 × (బ్యారెల్ వ్యాసం + పొరల సంఖ్య × రోపు వ్యాసం) × ఒక పొరలో చుట్లు × పొరల సంఖ్య.

మెయిన్ డ్రమ్ములో 800 ÷ 20 = 40. ఒకటి తగ్గించి 39 చుట్లు అనుకోండి. 4 పొరలకు 3.14 × 0.98 × 39 × 4, అంటే సుమారు 480 మీటర్లు. టెయిల్ డ్రమ్ములో 49 చుట్లు, 6 పొరలకు 3.14 × 0.996 × 49 × 6, అంటే సుమారు 920 మీటర్లు. రెండూ సరిపోతాయి. 6 పొరల ఎత్తు 96 మి.మీ., ఫ్లాంజ్ లోతు 150. చివరి పొర పైన కనీసం రెండు రోపుల మందం ఖాళీ ఉండాలి, ఇక్కడ అంతకన్నా ఎక్కువే ఉంది.

లాగడానికి ఎంత బలం? 15 టన్నుల సెట్టు 6కి 1 వాలులో వెనక్కి జారే బలం సుమారు 2.47 టన్నులు. టబ్బుల రాపిడి యాభయ్యో వంతు చొప్పున 0.3 టన్ను. మెయిన్ రోపు మీటరుకు 1.4 కిలోల లెక్కన దాని బరువు, రాపిడి కలిపి 0.15 టన్ను. టెయిల్ రోపు ఈడ్పు, దాని బ్రేకు కలిపి 0.2 టన్ను దాకా. మొత్తం సుమారు 3.1 టన్నులు.

1770 గ్రేడు (తీగ బలం), ఫైబర్ కోర్ (నడుమ నార), 6×7 రకం (ఒక్కో పేటలో 7 తీగల చొప్పున 6 పేటలు) 20 మి.మీ. రోపు తెగే బలం సుమారు 235 కిలోన్యూటన్లు, దాదాపు 24 టన్నులు. అంటే లోడుకు ఏడున్నర రెట్లు. మీ గనిలో ఎన్ని రెట్లు ఉండాలని రాసి ఉందో దానితో పోల్చి చూడండి.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. మోటారు తిప్పే బలం మారదు, కానీ పొరలు పెరిగేకొద్దీ డ్రమ్ము లావవుతుంది, లాగే బలం తగ్గుతుంది. మన ఉదాహరణలో మొదటి పొర మీద ఉన్న లాగుడు నాలుగో పొరకు వచ్చేసరికి సుమారు 12 శాతం తగ్గుతుంది. నిటారు వాలు ఇంజనుకు దగ్గర్లో ఉంటే సెట్టు అక్కడికి వచ్చేసరికి డ్రమ్ము నిండి ఉంటుంది. కాబట్టి లెక్క పై పొర మీదే వేయండి.

## 3. రోపు ఎంపిక

గనుల హాలేజీ రోపులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1856, మనుషులను తీసుకెళ్లే వాటికి ఐఎస్ 1855. రెండూ కలపకండి. రోపుతో వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్టు లేనిదే రీలు విప్పొద్దు.

నేల మీద, రోలర్ల మీద ఈడ్చుకుపోయే రోపుకు బయటి తీగలు లావుగా ఉండాలి. అందుకే 6×7 మన్నుతుంది. కానీ అది గట్టిది, చిన్న డ్రమ్ము మీద వంగదు. డ్రమ్ము వ్యాసం రోపు వ్యాసానికి కనీసం 42 రెట్లు ఉండాలన్నది దానికి వాడుకలో ఉన్న లెక్క. మన 900 మి.మీ. డ్రమ్ముకు 20 మి.మీ. రోపు 45 రెట్లు, కాబట్టి పనికొస్తుంది. డ్రమ్ము చిన్నదైతే 6×19, 6×36 వంటి సన్న తీగల రోపు వైపు వెళ్లాలి.

పేటలు మెలితిరిగిన తీరును లే అంటారు. తీగలూ పేటలూ ఒకే వైపు మెలితిరిగిన లాంగ్స్ లే రోపు రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. అయితే దాని చివర స్వేచ్ఛగా తిరగకూడదు, తిరిగితే పేట విప్పుకుంటుంది. స్వివెల్ (స్వేచ్ఛగా తిరిగే లింకు) ఉన్నచోట అది వద్దు.

## 4. చుట్టే ముందు తనిఖీ

- డ్రమ్ము బ్యారెల్ మీద పాత రోపు కోసిన గాళ్లు ఉన్నాయా? ఉంటే కొత్త రోపు వాటిలోకే జారుతుంది. ముందు సరిచేయించండి.
- ఫ్లాంజ్ లోపలి అంచున పగులు, పదును ఉన్నాయా?
- పుల్లీల గాడి గేజీతో చూశారా? గాడి రోపు కన్నా 5 నుంచి 10 శాతం పెద్దదిగా ఉండాలి. పాత సన్నబడిన రోపు తిరిగి ఇరుకైన గాడి కొత్త రోపును పిండేస్తుంది.
- రోలర్లన్నీ చేత్తో తిప్పితే తిరుగుతున్నాయా? తిరగని రోలరు రోపుకు ఆకురాయే.
- బ్రేకు లైనింగ్, క్లచ్ పళ్లు చూశారా?
- డ్రమ్ము నుంచి మొదటి పుల్లీ దాకా దూరం కొలిచారా?

ఆ చివరి ప్రశ్నకు కారణం ఇది. రోపు ఫ్లాంజ్ దగ్గర ఉన్నప్పుడు పుల్లీ నుంచి వచ్చే వంపు, గాళ్లు లేని నున్నని డ్రమ్ము మీద ఒకటిన్నర డిగ్రీలు దాటకూడదు, గాళ్లున్న డ్రమ్ము మీద రెండు డిగ్రీలు. డ్రమ్ము వెడల్పులో సగం 400 మి.మీ. కాబట్టి మన నున్నని డ్రమ్ముకు పుల్లీ కనీసం 15.3 మీటర్ల దూరంలో, డ్రమ్ము నడిమికి ఎదురుగా ఉండాలి. హాలర్ (ఇంజను నడిపే మనిషి) గది ఇరుకని పుల్లీని ఏడెనిమిది మీటర్లకే బిగిస్తే ఎంత గొప్ప ఆపరేటరైనా రోపును వరసగా చుట్టలేడు.

## 5. రోపు చుట్టడం, అడుగడుగునా

ఈ మార్గదర్శి మొత్తంలో నిదానంగా చదవాల్సిన భాగం ఇదే.

5.1 రీలు నిలబెట్టండి. రీలును షాఫ్టు మీద, స్టాండు మీద ఎక్కించండి. నేల మీద పడుకోబెట్టి పక్కనుంచి చుట్లు లాగితే ఒక్కో చుట్టుకు రోపులో ఒక మెలిక పడుతుంది. రీలు పైనుంచి వచ్చే రోపు డ్రమ్ము పైకే, కిందినుంచి వచ్చేది డ్రమ్ము కిందికే వెళ్లాలి. ఎదురు వంపు వద్దు.

5.2 చివర కట్టి కోయండి. కోయబోయే చోటికి రెండు వైపులా సన్న తీగతో గట్టిగా చుట్టి కట్టాకే కోయాలి. లేకపోతే పేటలు జారి, ఆ వదులు మీటర్ల కొద్దీ లోపలికి పాకుతుంది. కోత, గ్రైండింగ్ గని పైనే ముగించుకోండి. గ్యాసున్న గనిలో నిప్పురవ్వకు చోటు లేదు.

5.3 ఏ ఫ్లాంజ్ నుంచి? "అన్నా, ఏ దిక్కు నుంచి మొదలువెట్టాలె?" అని కొత్తవాళ్లు తప్పకుండా అడుగుతారు. నున్నని డ్రమ్ముకు జవాబు చేతిలోనే ఉంది. డ్రమ్ము వెనక, లోడు వైపు చూస్తూ నిలబడండి. కుడి లే (పేటలు కుడికి మెలితిరిగిన) రోపుకు కుడి చెయ్యి, ఎడమ లే రోపుకు ఎడమ చెయ్యి. పిడికిలి బిగించి చూపుడు వేలును రోపు వెళ్లే దిక్కుకు, బొటనవేలును పక్కకు చాపండి. రోపు డ్రమ్ము పైనుంచి వెళ్తుంటే అరచెయ్యి కిందికి, కిందినుంచి వెళ్తుంటే అరచెయ్యి పైకి. బొటనవేలు చూపిన ఫ్లాంజ్ దగ్గర రోపు బిగించాలి.

కుడి లే రోపు పైనుంచి వెళ్తుంటే అది ఎడమ ఫ్లాంజ్. ఇలా మొదలుపెడితే రోపులోని పేటే కొత్త చుట్టును పాత చుట్టు పక్కకు ఒరిగిస్తుంది. ఎదురు వైపు మొదలుపెడితే వదులైన ప్రతిసారీ చుట్లు విడిపోతాయి.

5.4 బిగింపు. రోపు చివరను ఫ్లాంజ్ రంధ్రంలోంచి తీసి క్లాంపులతో బిగించండి. రంధ్రం అంచు గుండ్రంగా ఉండాలి. క్లాంపు మీద మొత్తం లోడు పడుతుందని భయపడొద్దు, దాన్నే నమ్ముకోనూ వద్దు. డ్రమ్ము మీద ఎప్పుడూ మిగిలే మూడు చుట్ల రాపిడి చాలా బలాన్ని మింగేస్తుంది. రాపిడి గుణకం 0.1 అనుకున్నా 3 టన్నుల లాగుడులో క్లాంపుకు చేరేది అర టన్ను లోపే. ఆ మూడు చుట్లూ విప్పుకుంటే మూడు టన్నులూ నేరుగా క్లాంపు మీదే.

5.5 మొదటి పొర. కండెకు దారం చుట్టినట్టు చుట్టు పక్కన చుట్టు ఆనుకుని పడాలి. ఖాళీ కనిపిస్తే చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టి దగ్గరికి జరపండి. ఇనుప సుత్తి వద్దు, చేత్తో నెట్టడం అసలే వద్దు. రోపుకూ డ్రమ్ముకూ మధ్య వేలు పడితే తీయడానికి సమయం దొరకదు. సర్దాలంటే డ్రమ్ము ఆపించి, బ్రేకు వేయించి, అప్పుడు తాకండి.

5.6 వెనక లాగుడు. రీలు ఫ్లాంజ్‌కు చెక్కతో బ్రేకు పెట్టి, చుట్టుకునే రోపు మీద ఎప్పుడూ బిగువు ఉంచండి. పని లోడులో పదో వంతు, మన లెక్కలో 300 కిలోలు, మంచి గురి. రోపు మీదే చెక్కలు నొక్కి బిగువు తేవొద్దు. గ్రీజు పోతుంది, రోపు మెలిక పడుతుంది.

5.7 పొర మారే చోటు. మొదటి పొర చివరి ఫ్లాంజ్‌ను తాకాక రోపు పైకెక్కి వెనక్కి తిరుగుతుంది. డ్రమ్మును చాలా నెమ్మదిగా తిప్పించి, దగ్గర నిలబడి చూడండి. సరిగ్గా ఎక్కితే ఒక చిన్న 'టక్' వినిపించి కింది రెండు చుట్ల మధ్య లోయలో కూర్చుంటుంది. 'ధన్' మని దూకితే ఫ్లాంజ్ దగ్గర ఖాళీ మిగిలిపోయిందని అర్థం. వెనక్కి విప్పి సరిచేయండి. రెండో పొర బాగా పడితే మిగతావి దాని వెంటే వస్తాయి.

## 6. చివరి పుల్లీ

టెయిల్ రోపు పుల్లీ చుట్టూ పూర్తిగా వెనక్కి తిరుగుతుంది కాబట్టి దాని యాంకర్ మీద పడే బలం రోపు బిగువుకు రెట్టింపు. టెయిల్ రోపు ఒక టన్ను లాగితే యాంకర్ మీద రెండు టన్నులు. అయినా లెక్క ఖాళీ టబ్బుల లాగుడు మీద వేయకండి. సెట్టు పట్టాలు తప్పి ఇరుక్కున్నప్పుడు మోటారు గరిష్ఠంగా ఎంత లాగగలదో దాని మీద వేయండి.

పైకప్పు ఆనించిన ప్రాపుకు (ఊత స్తంభానికి) పుల్లీ కట్టొద్దు. ప్రాపు ఊడితే పుల్లీతో పాటు కప్పూ వస్తుంది. పుల్లీ చుట్టూ కంచె ఉండాలి. రోపు వంపు లోపలి వైపు ఎవరూ నిలబడకూడదు. పుల్లీ ఊడినా, రోపు తెగినా అది విసిరేది ఆ వైపుకే.

## 7. మొదటి పరుగు

1. దారిలోంచి అందరినీ బయటికి పంపండి.
2. స్టాప్ బ్లాక్ (పట్టాల మీద టబ్బులను ఆపే అడ్డు), రన్‌అవే స్విచ్ (అదుపు తప్పిన టబ్బులను దారి మళ్లించేది) పనిచేస్తున్నాయో చూడండి. ఎక్కే సెట్టు వెనక బ్యాక్ స్టే (సెట్టు వెనక్కి జారితే నేలకు గుచ్చుకుని ఆపే కడ్డీ) తగిలించండి.
3. గంట సంకేతాలు రెండు చివర్ల నుంచీ వాయించి చూడండి. సంకేతాల పట్టిక హాలర్ ఎదురుగా ఉండాలి.
4. ఖాళీ సెట్టుతో నెమ్మదిగా ఒకసారి పూర్తిగా పోయి రండి.
5. సెట్టు లోపలి చివర ఉన్నప్పుడు మెయిన్ డ్రమ్ము మీద, ఇంజను దగ్గర ఉన్నప్పుడు టెయిల్ డ్రమ్ము మీద మూడు చుట్లు మిగిలాయా అని లెక్కపెట్టండి.
6. సగం లోడుతో కొన్ని పరుగులు, తర్వాతే నిండు లోడు. కొత్త రోపు కాస్త సాగుతుంది, పేటలు సర్దుకుంటాయి. క్లాంపు బోల్టులు మళ్లీ బిగించండి.
7. దూరం చూపే సూచికను ఈ పరుగుల తర్వాత సరిచేయండి.

## 8. క్లచ్, బ్రేకు: హాలర్ చేతిలో ఉన్న అసలు పని

సెట్టు బయటికి వచ్చేటప్పుడు మెయిన్ క్లచ్ పట్టి ఉంటుంది, టెయిల్ క్లచ్ విడిచి ఉంటుంది. టెయిల్ డ్రమ్ము స్వేచ్ఛగా తిరుగుతూ రోపు వదులుతుంది, దాని మీద తేలిక బ్రేకు. లోపలికి పోయేటప్పుడు ఇది తిరగబడుతుంది.

రెండు క్లచ్‌లూ ఒకేసారి పట్టకూడదు. కారణం మన ఉదాహరణలోనే ఉంది. సెట్టు లోపలి చివర ఉన్నప్పుడు మెయిన్ డ్రమ్ము దాదాపు ఖాళీ, పని వ్యాసం 0.92 మీటరు. టెయిల్ డ్రమ్ము మీద ఇంకా మూడు పొరలున్నాయి, 0.98. సెట్టు ఇంజను దగ్గరికి వచ్చేసరికి మెయిన్ 1.04, టెయిల్ 0.92. రెండూ కలిసి తిరిగితే మొదట్లో టెయిల్ ఎక్కువ వదిలి రోపు కుప్ప పడుతుంది. చివర్లో మెయిన్ ఎక్కువ లాగి రెండు రోపులూ తెగేంత బిగుస్తాయి.

తేలిక బ్రేకు ఎంత? టెయిల్ రోపు రోలర్ల మధ్య కొంచెం వేలాడుతూ ఉండాలి, నేలకు తగలకూడదు. చూపుకు తీగలా బిగిసి ఉంటే బ్రేకు ఎక్కువైంది, మోటారు కరెంటు కూడా పెరుగుతుంది. సెట్టు ఎత్తు దాటి పల్లంలోకి దిగే చోట అదే సెట్టు మెయిన్ రోపును దాటి ముందుకు దూసుకొస్తుంది. అక్కడ టెయిల్ బ్రేకే సెట్టును పట్టుకోవాలి. ఆ చోట్లు దూర సూచిక మీద రంగుతో గుర్తు పెట్టించండి. అనుభవం ఉన్న హాలర్‌కు అవి కంఠస్థమే, సెలవులో వచ్చిన బదిలీ మనిషికి కావు.

ఆపేటప్పుడు ముందు లాగే డ్రమ్ము, వెంటనే వదిలే డ్రమ్ము. వదిలేదాన్ని ఆపడం ఆలస్యమైతే అది తన వేగంతోనే ఇంకో రెండు చుట్లు తిరిగి రోపును గది నిండా పరుస్తుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

చుట్లు ఒక ఫ్లాంజ్ వైపే పోగవుతున్నాయి. పుల్లీ డ్రమ్ము నడిమికి ఎదురుగా లేదు. పుల్లీని జరపండి. కర్రతో రోపును తోస్తూ నడపడం పరిష్కారం కాదు.

పై చుట్టు కింది చుట్ల మధ్యకు దూరి ఇరుక్కుంది. కింది పొరలు వదులుగా ఉన్నాయి. రోపు మొత్తం విప్పి, బిగువుతో మళ్లీ చుట్టాలి. ఖాళీ సెట్టుతో చాలా రోజులు నడిపి ఒక్కసారిగా నిండు లోడు ఎక్కించినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది.

రోపులో మెలిక పడింది. మెలిక ఇంకా ఉంగరంలా విప్పారి ఉంటే, లాగకుండా, చేత్తో వెనక్కి తిప్పి విప్పండి. ఒకసారి లాగి బిగిస్తే అది కింక్. సుత్తితో కొట్టి తిన్నగా చేసినా ఆ చోట రోపు చచ్చినట్టే, కోసి తీసేయాలి.

పొర మారే చోటే తీగలు తెగుతున్నాయి. ఎప్పుడూ అదే చోట నలుగుతోంది. డ్రమ్ము వైపు చివర నుంచి మీటరు దాకా కోసి మళ్లీ బిగించండి, నలిగే చోటు జరుగుతుంది. కోసే ముక్క పూర్తి చుట్టు పొడవు మాత్రం కాకూడదు. మన డ్రమ్ముకు చుట్టు దాదాపు 2.9 మీటర్లు. అంత కోస్తే నలిగే చోట్లు మళ్లీ పాత స్థానానికే వస్తాయి.

బుల్‌డాగ్ క్లిప్పులు (మడిచిన రోపు కొసను యూ-బోల్టుతో బిగించేవి) తిరగేసి బిగించారు. గని పైన తాత్కాలిక పనుల్లో కనిపించే తప్పు. లోడు మోసే రోపు వైపు జీను (క్లిప్పులోని సాడిల్ ముక్క), కొస వైపు యూ-బోల్టు ఉండాలి. 20 మి.మీ. రోపుకు నాలుగు క్లిప్పులు, ఒకదానికొకటి 120 మి.మీ. ఎడం. టబ్బులు లాగే రోపుకు మాత్రం కాపెలే.

## 10. తనిఖీ, తీసేయడం

రోపును గుడ్డతో పట్టుకుని నడిపిస్తూ చూడటం మానండి, తెగిన తీగ చేతిలో దిగుతుంది. రోపు ఆపి, తుడిచి, వెలుతురులో చూడండి. పేటల మధ్య లోయల్లో ఎర్ర పొడి రాలుతుంటే లోపల తుప్పు, రాపిడి మొదలయ్యాయి. పై గ్రీజు నల్లగా మెరుస్తున్నా నమ్మొద్దు.

వ్యాసం కొలిచేటప్పుడు వెర్నియర్ దవడలు రెండు ఎదురెదురు పేటల శిఖరాల మీద ఆనాలి. ఒకే చోట అడ్డంగా, నిలువుగా రెండు కొలతలు తీసుకుని సగటు రాయండి.

కింది వాటిలో ఏది కనిపించినా సెట్టు ఆపి ఇంజనీరుకు చెప్పండి:

- 20 మి.మీ. రోపు 18కి దిగింది
- ఒక లే పొడవులో (ఒక పేట రోపు చుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగే పొడవులో) 6 తీగలు, లేదా అందులోనే ఒకే పేటలో 3 తీగలు తెగాయి
- బయటి తీగలు మూడో వంతు అరిగాయి
- కింక్, పంజరంలా ఉబ్బిన చోటు, బయటికి పొడుచుకొచ్చిన కోర్
- వేడి తగిలిన నీలి రంగు
- కాపెల్ మెడ దగ్గర ఒక్క తీగ తెగినా

రిజిస్టరులో తేదీ, కొలిచిన చోటు, రెండు వ్యాసాలు, తెగిన తీగల సంఖ్య, కోసిన పొడవు రాయండి. 'బాగుంది' అని మాత్రమే రాస్తే వచ్చే షిఫ్టు ఫిట్టరుకు అది ఏమీ చెప్పదు.

తీసేసిన రోపును చుట్టచుట్టి స్టోర్ మూల పెట్టకండి. చిన్న ముక్కలుగా కోయించి స్క్రాపుకు పంపండి. పొడవుగా వదిలేస్తే ఎవరో ఒకరు దాన్ని మళ్లీ ఏదో ఒక బరువుకు కడతారు.